వాతావరణ శాస్త్రంలో ఉద్యోగం: ముందు మీ గడియారం ఏదో తేల్చుకోండి

వాతావరణ శాస్త్రంలోకి రావాలనుకునేవాళ్లు నన్ను మొదట అడిగేది ఒకటే: "ఏ కోర్సు చేయాలి?" నేను తిరిగి ఒక ప్రశ్న వేస్తాను. మీరు చెప్పింది తప్పో ఒప్పో ఎంతసేపట్లో తేలిపోవాలి? గంటలోనా, మర్నాటికా, మూడు నెలలకా? మీ జీవితకాలంలో తేలకపోయినా ఫర్వాలేదా?

ఆ వ్యవధినే నేను గడియారం అంటాను. ఈ రంగంలో ఉద్యోగాలు ఆ ప్రశ్న దగ్గరే విడిపోతాయి. ఏ సబ్జెక్టుల మీద పట్టు ఉండాలి, నైట్ షిఫ్టులు ఉంటాయా, పొరపాటు జరిగితే ఎవరు నిలదీస్తారు, రోజంతా తెర ముందు కూర్చోవాలా, సామాను మోసుకుని కొండలెక్కాలా అన్నీ దాన్ని బట్టే ఉంటాయి. కోర్సు పేరు చూసి చేరి, ఉద్యోగంలోకి వచ్చాక "నాకు రాత్రి డ్యూటీ పడదు" అని తెలుసుకున్నవాళ్లను చూశాను. ఆకాశమంటే ప్రాణమై వచ్చి, ఏళ్ల తరబడి కోడ్ రాయలేక పరిశోధన మధ్యలో వదిలేసినవాళ్లనూ చూశాను. ఇద్దరూ తెలివైనవాళ్లే. ఎవరికి సరిపడని గడియారం వాళ్లు ఎంచుకున్నారు, అంతే. అందుకే ఇక్కడ కాలేజీల దగ్గర మొదలుపెట్టడం లేదు.

మొదటి అడుగు: మీ గడియారం ఎంచుకోండి

గంటల లెక్కన నడిచే పని విమానాశ్రయాల్లో ఉంటుంది. అక్కడ గంటకో అరగంటకో ఒక మెటార్ రిపోర్టు బయటికి వెళ్తుంది. గాలి, కనుచూపు దూరం, మేఘాల ఎత్తు, ఉష్ణోగ్రత, పీడనం అన్నీ అందులో ఉంటాయి. దాంతోపాటు టాఫ్ అనే ముందస్తు అంచనా వస్తుంది, సాధారణంగా 24 లేదా 30 గంటలకు. పైలట్ ఎంత అదనపు ఇంధనం వేసుకోవాలో, పక్క ఎయిర్‌పోర్టుకు మళ్లాల్సి వస్తే ఏది ఎంచుకోవాలో దీన్ని చూసే నిర్ణయిస్తారు. మీరు ఉదయం రాసింది మధ్యాహ్నానికల్లా తేలిపోతుంది, తప్పయితే ఫోన్ మోగుతుంది. రాడార్ ముందు కూర్చుని ఉరుముల మేఘం రాబోయే రెండు గంటల్లో ఎటు పోతుందో చెప్పే పనిదీ ఇదే గడియారం. టెన్షన్ ఉంటుంది, కానీ షిఫ్టు అయిపోయాక ఇంటికి మోసుకెళ్లేది తక్కువ.

రోజుల గడియారం మనందరికీ తెలిసినదే: రేపు, ఎల్లుండి, వారం. జాతీయ వాతావరణ సంస్థల్లో ఫోర్‌కాస్టర్లు, తుపాను డెస్కులు, సముద్ర హెచ్చరికలు, వరద అంచనా, టీవీ, రేడియో, యాప్‌లు అన్నీ ఇక్కడికే వస్తాయి. ఇక్కడ మీరు ఒక్క అంచనాను చూడరు. యూరప్ దేశాల ఉమ్మడి సంస్థ ఈసీఎండబ్ల్యూఎఫ్ నడిపే ఎన్‌సెంబుల్‌లో 51 సభ్యులుంటాయి. ఆరంభ స్థితిని కొద్దికొద్దిగా మార్చి అదే మోడల్‌ను, అంటే వాతావరణాన్ని లెక్కగట్టే కంప్యూటర్ ప్రోగ్రామ్‌ను, 51 సార్లు నడుపుతారన్నమాట. ఆ 51 గీతలు ఒకే దారిన పోతున్నాయా, చెల్లాచెదురయ్యాయా అన్నది చదవగలగడమే ఈ ఉద్యోగంలో సగం నైపుణ్యం.

నెలల గడియారంలో వ్యవసాయం, జలాశయాలు, విద్యుత్ అవసరాల అంచనా వస్తాయి. ఎల్ నినో, సముద్ర ఉపరితల ఉష్ణోగ్రతలు మీ రోజువారీ భాష అవుతాయి. ఈ పనిలో ఒక ఇబ్బంది గురించి ఎవరూ ముందుగా చెప్పరు. రోజువారీ ఫోర్‌కాస్టర్‌కు ఏడాదిలో 365 పరీక్షలు జరుగుతాయి, మీకు జరిగేవి మూడో నాలుగో. మీరు బాగా చెబుతున్నారో, అదృష్టం కలిసొస్తోందో మీకే తెలియడానికి పదేళ్లు పట్టవచ్చు. గణాంకశాస్త్రం మీద ప్రేమ, మనసులో నిలకడ రెండూ లేనివాళ్లు ఇటు రాకపోవడమే మంచిది.

ఇక దశాబ్దాల గడియారం. వాతావరణ శాస్త్రవేత్త స్యుకురో మనాబే 1967లో రిచర్డ్ వెదరాల్డ్‌తో కలిసి ఒక లెక్క వేశారు. గాలిలో కార్బన్ డయాక్సైడ్ రెట్టింపైతే ఉష్ణోగ్రత సుమారు 2 డిగ్రీలు పెరుగుతుందని తేల్చారు. ఆ కృషికి భౌతికశాస్త్ర నోబెల్ బహుమతిలో వాటా దక్కింది 2021లో. మధ్యలో 54 ఏళ్లు. క్లైమేట్ మోడలింగ్‌లో బతికేవాళ్ల ఓపిక ఎలా ఉండాలో చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నా దగ్గర లేదు.

ఈ నాలుగింటికీ అడుగున, గడియారమే లేని పని ఇంకోటుంది: కొలవడం. పరికరాలు అమర్చేవాళ్లు, సరిచూసేవాళ్లు, బెలూన్లు వదిలేవాళ్లు. అంటార్కిటికాలోని హాలీ స్టేషన్‌లో ఓజోన్‌ను 1950ల నుంచి ఏటా ఓపిగ్గా కొలుస్తూ వచ్చారు. దశాబ్దాల పాటు అది ఎవరికీ పట్టని పని. 1985లో ఫార్మన్, గార్డినర్, షాంక్లిన్ అనే ముగ్గురు శాస్త్రవేత్తలు ఆ లెక్కలన్నీ పక్కపక్కన పెట్టి ఓజోన్ రంధ్రం సంగతి ప్రపంచానికి చెప్పారు. చేత్తో పని చేయడం ఇష్టమైనవాళ్లు, ఎలక్ట్రానిక్స్ తెలిసినవాళ్లు ఈ దారిని చిన్నచూపు చూడకండి. మంచి ఇన్‌స్ట్రుమెంట్ మనిషి దొరకడం మంచి మోడలర్ దొరకడం కన్నా కష్టమని నా అనుభవం.

రెండో అడుగు: మూడు నెలలు డైరీ రాయండి

ఏ అప్లికేషనూ నింపకముందే చేయాల్సిన పని ఇది. ఖర్చు లేదు, ఎవరి అనుమతీ అక్కర్లేదు. రోజూ ఒకే సమయానికి, మీరుండే చోట రేపు వాన పడే అవకాశం ఎంత శాతమో రాయండి. "పడొచ్చు, పడకపోవచ్చు" అంటే కుదరదు, అంకె వేయాల్సిందే. మర్నాడు పడిందా లేదా గుర్తు పెట్టండి.

తర్వాత మార్కులు. గ్లెన్ బ్రయర్ 1950లో ప్రతిపాదించిన పద్ధతి ఇప్పటికీ అందరూ వాడతారు. వాన పడితే 1, పడకపోతే 0. మీరు చెప్పిన శాతాన్ని దశాంశంగా రాసి, ఆ 1 లేదా 0 తో తేడా తీసి, వర్గం చేయాలి. మీరు 70 శాతం అన్నారు, వాన పడింది: 0.7కీ 1కీ తేడా 0.3, దాని వర్గం 0.09. పడలేదనుకోండి, 0.7 వర్గం 0.49. ఎంత తక్కువ వస్తే అంత మంచిది. మూడు నెలల సగటు తీయండి.

ఆ సగటు 0.25 దాటితే, రోజూ కళ్లు మూసుకుని "50 శాతం" అని రాసినవాడి కన్నా మీరు వెనకబడ్డట్టే, ఎందుకంటే వాడికి ఏం జరిగినా 0.25 వస్తుంది. అసలు పోటీ ఆ తర్వాత ఉంది. ఆ కాలంలో మీ దగ్గర పది రోజుల్లో మూడు రోజులు వాన పడుతుందనుకోండి. ఏమీ ఆలోచించకుండా రోజూ 30 శాతం అనేవాడికి సగటున 0.21 వస్తుంది. ఆ సోమరిని మీరు ఓడించాలి. ఓడించలేకపోతే సిగ్గుపడాల్సిన పని లేదు, నా మొదటి నెల స్కోరు కూడా సోమరి చేతిలో ఓడిందే. నేను తెలివైనవాడినని అనుకుని 90, 10 ఎక్కువగా వేశాను. 90 అని వాన పడని ఒక్క రోజు 0.81 ఖర్చవుతుంది. ఈ దెబ్బ తిన్నాకే "ఎంత నమ్మకంగా ఉన్నానో అంతే చెప్పాలి" అన్నది బుర్రకెక్కింది.

మూడు నెలల తర్వాత మీ గురించి మీకు ఒక సంగతి తెలుస్తుంది. తప్పు పోయిన రోజు చిరాకేసి డైరీ మూసేశారా, ఎందుకు పోయిందా అని ఉపగ్రహ చిత్రాలు వెతికారా? రెండోది చేసినవాళ్లు ఈ రంగంలో నిలబడతారు. మొదటిది చేసినవాళ్లకు దశాబ్దాల గడియారమో, పరికరాల పనో నప్పవచ్చు.

మూడో అడుగు: చదువు ఎలా పేర్చుకోవాలి

స్కూలు స్థాయిలో గణితం, ఫిజిక్స్ వదలకూడదు. కెమిస్ట్రీ ఉంటే గాలి కాలుష్యం, ఓజోన్, మేఘాల్లో ధూళి కణాల పని వైపు దారి తెరిచి ఉంటుంది. భూగోళం ఇష్టమై వచ్చేవాళ్లు చాలామంది గణితం దగ్గర ఆగిపోతారు, ఆ మాట మొహమాటం లేకుండా చెప్పాలి. గాలి కదలికను రాసేవి అవకలన సమీకరణాలు. కాల్‌క్యులస్, వెక్టర్లు, లీనియర్ ఆల్జీబ్రా, గణాంకాలు రాకుండా డిగ్రీ గట్టెక్కడం కష్టం.

డిగ్రీకి రెండు మార్గాలున్నాయి. నేరుగా మీటియరాలజీ లేదా వాతావరణ శాస్త్రంలో చేరడం ఒకటి. ఫిజిక్స్, గణితం, ఇంజనీరింగ్ చేసి పీజీలో ఇటు తిరగడం రెండోది. పదిహేడేళ్లకే మనసు గట్టిపడితే మొదటిది బాగుంటుంది. లేకపోతే నా ఓటు రెండోదానికి. దారి మార్చుకోవాలనిపిస్తే ఫిజిక్స్ డిగ్రీ ఎక్కడైనా చెల్లుతుంది. పక్కదారిన వచ్చినవాళ్లు తక్కువవాళ్లేం కాదు. టొర్నడోల తీవ్రతకు 1971లో కొలమానం ఇచ్చిన టెట్సుయా ఫుజిటా చదివింది మెకానికల్ ఇంజనీరింగ్. 1975లో న్యూయార్క్‌లో ఒక విమానం ల్యాండింగ్‌కు ముందు కూలినప్పుడు, మేఘం నుంచి నేల మీదికి కుమ్మరించినట్టు దిగే గాలే కారణమని వాదించింది ఆయనే. మొదట్లో చాలామంది నమ్మలేదు. వాతావరణ పరికరాల తయారీలో పేరుపొందిన అన్నా మణి మొదట ఫిజిక్స్‌లో వజ్రాలు, కెంపుల వెలుగు మీద పనిచేశారు.

పక్కదారిన వచ్చేవాళ్లకు ఒక జాగ్రత్త. కొన్ని ఉద్యోగ ప్రకటనల్లో అర్హతను సబ్జెక్టు గంటల్లో లెక్కిస్తారు. ఉదాహరణకు అమెరికా ప్రభుత్వ మీటియరాలజిస్ట్ పోస్టులకు డిగ్రీలో కనీసం 24 సెమిస్టర్ గంటలు (క్రెడిట్లు) ఈ సబ్జెక్టులవే ఉండాలి, అందులో 6 గంటలు వాతావరణ డైనమిక్స్ (గాలి కదలికల లెక్క), థర్మోడైనమిక్స్ (వేడి, శక్తి లెక్క) కలిపి కావాలి. ప్రపంచ వాతావరణ సంస్థ అయితే సిబ్బందిని మీటియరాలజిస్ట్, మీటియరాలాజికల్ టెక్నీషియన్ అని రెండు స్థాయిలుగా చూసి, ఒక్కోదానికి ఏ పాఠాలు తప్పనిసరో పెట్టింది. సభ్యదేశాలు ఆ చట్రాన్నే అనుసరిస్తాయి. విమానయాన ఫోర్‌కాస్టర్‌కు మొదటి స్థాయి శిక్షణ ఉండాల్సిందే. కాబట్టి కాలేజీ బ్రోషర్ పక్కన పెట్టి, మీరు కోరుకునే ఉద్యోగం పాత ప్రకటన ఒకటి సంపాదించండి. దాన్ని పట్టుకుని సిలబస్ వెనక్కి సరిచూసుకుంటూ రండి. డైనమిక్స్, థర్మోడైనమిక్స్, సినాప్టిక్ మీటియరాలజీ (పెద్ద ప్రాంతాల వాతావరణ పటాలు చదవడం), రేడియేషన్, రిమోట్ సెన్సింగ్ (ఉపగ్రహాలు, రాడార్లతో దూరం నుంచి కొలవడం): ఈ ఐదింట్లో ఏది లేకపోయినా తర్వాత అడ్డం తగులుతుంది.

టెక్నీషియన్ దారికి చాలాచోట్ల పూర్తి డిగ్రీ అక్కర్లేదు. త్వరగా ఉద్యోగంలో చేరి, పనిచేస్తూ చదువుకుని పైకొచ్చినవాళ్లు ఈ రంగంలో ఉన్నారు. సైనిక దళాల వాతావరణ విభాగాలు కూడా శిక్షణ ఇచ్చి తీసుకుంటాయి. అక్కడి క్రమశిక్షణ సరిపడేవాళ్లకు అది మంచి మొదలు.

నాలుగో అడుగు: చేతికి పని నేర్పండి

ఇప్పుడు ఫోర్‌కాస్టర్ అయినా, పరిశోధకుడైనా ప్రోగ్రామింగ్ రాకపోతే ఇబ్బందే. పైథాన్‌తో మొదలుపెట్టండి. ఈ రంగంలో డేటా ఎక్కువగా నెట్‌సీడీఎఫ్, గ్రిబ్ అనే రెండు ఫైలు రూపాల్లో వస్తుంది. వాటిని తెరవడానికి ఎక్స్‌అరే, మ్యాపులు గీయడానికి కార్టోపై, వాతావరణ లెక్కలకు మెట్‌పై అనే పైథాన్ లైబ్రరీలు ఉన్నాయి, అన్నీ ఉచితం. పెద్ద మోడళ్ల లోపలికి దిగాలనుకుంటే ఫోర్ట్రాన్ అనే పాత ప్రోగ్రామింగ్ భాష తప్పదు. కుర్రాళ్లు నవ్వుతారు గానీ, చాలా మోడళ్ల గుండె ఇప్పటికీ ఫోర్ట్రాన్‌లోనే కొట్టుకుంటోంది.

సొంత ప్రాజెక్టు ఒకటి చేయండి. ఈసీఎండబ్ల్యూఎఫ్ తయారుచేసిన ఈరా5 అనే గత వాతావరణ డేటా 1940 నుంచి నేటి వరకు, గంట గంటకూ, భూగోళమంతటికీ ఉచితంగా దొరుకుతుంది. మీకు గుర్తున్న ఒక పెద్ద తుపానునో, వడగాడ్పులనో తీసుకుని, ఆ వారం రోజుల పీడనం, గాలి, తేమ గీసి, ఏం జరిగిందో రెండు పేజీల్లో రాయండి. ఇంటర్వ్యూలో పది సర్టిఫికెట్ల కన్నా ఇది ఎక్కువ మాట్లాడుతుంది. కాస్త గట్టి కంప్యూటర్ అందుబాటులో ఉంటే డబ్ల్యూఆర్ఎఫ్ అనే మోడల్‌ను మీరే నడిపి చూడొచ్చు, అదీ ఉచితమే. ఫోర్‌కాస్టింగ్ పాఠాలకు మెట్‌ఎడ్ అనే వెబ్‌సైట్‌లో మాడ్యూళ్లు బాగుంటాయి.

అయితే తెర ముందే ఉండిపోతే నేల విడిచి సాము చేసినట్టవుతుంది. దీనికి నేను ఫీజు కట్టి నేర్చుకున్న పాఠం ఒకటుంది. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో ఒక రాత్రి డ్యూటీ. మోడల్ తెల్లవారుజామున కనుచూపు దూరానికి ఢోకా లేదంది, నేనూ అదే రాశాను. రిపోర్టుల్లో ఉష్ణోగ్రత, డ్యూ పాయింట్ (గాలిలోని ఆవిరి నీటి బిందువులుగా మారే ఉష్ణోగ్రత) జంట అంకెలు ఇలా వస్తున్నాయి: 19/17, తర్వాత 18/17, తర్వాత 17/17. గాలి అంకె 05003, అంటే 50 డిగ్రీల దిశ నుంచి 3 నాట్లు (గంటకు సుమారు ఐదున్నర కిలోమీటర్లు). తర్వాతి రిపోర్టులో 00000, గాలి పూర్తిగా ఆగిపోయింది. సాయంత్రం వాన పడింది, రాత్రికి మబ్బు విడిపోయింది. అన్నీ కళ్ల ముందే ఉన్నాయి. నాలుగున్నరకు కనుచూపు దూరం 4000 మీటర్లు, ఐదుకు 1500, ఐదున్నరకు 0300. పొగమంచు దట్టంగా కమ్మేసింది. పొద్దున్నే వచ్చిన సీనియర్ అబ్జర్వర్ నన్ను తిట్టలేదు. "బాబూ, రాత్రి ఒక్కసారైనా బయటికెళ్లి గడ్డి మీద చెయ్యి పెట్టావా?" అని మాత్రం అడిగారు. పెట్టలేదు.

వాన తడి నేలలో ఉంది, మబ్బు లేక నేల వేడి ఆకాశంలోకి పోతోంది, గాలి లేక ఆ చల్లటి పొర కదలడం లేదు. ఉష్ణోగ్రత దిగివచ్చి డ్యూ పాయింట్‌ను ముట్టుకున్న చోట నీటి ఆవిరి బిందువులుగా మారుతుంది. పుస్తకంలో ఇది నేను చదివిందే. మీకు దగ్గర్లోని విమానాశ్రయం మెటార్లు ఇంటర్నెట్‌లో అందరికీ కనిపిస్తాయి. రోజూ చదవండి, చదివాక తలెత్తి ఆకాశం చూడండి, రెండూ కలుస్తున్నాయా లేదా గమనించండి.

బెలూన్ డేటా కూడా అలాగే. ప్రపంచమంతటా ఒకే సమయానికి, గ్రీన్విచ్ లెక్కన అర్ధరాత్రి, మధ్యాహ్నం పన్నెండింటికి, చాలా స్టేషన్లు రేడియోసాండ్ అనే కొలత పరికరం కట్టిన బెలూన్లు వదులుతాయి. నిమిషానికి సుమారు 300 మీటర్ల చొప్పున ఎక్కి, 30 కిలోమీటర్ల ఎత్తుకు అటూఇటుగా పగులుతాయి. వాటి డేటాను స్క్యూటీ పటం (ఎత్తును బట్టి ఉష్ణోగ్రత, తేమ ఎలా మారాయో చూపేది) మీద చదవడం వస్తే, నిట్టనిలువు ఆకాశాన్ని ముక్కగా కోసి చూసినట్టుంటుంది. మొదట్లో ఆ వంకర గీతలు చూసి తల తిరుగుతుంది, ఓ యాభై పటాలు చూశాక అలవాటవుతుంది.

ఐదో అడుగు: మొదటి ఉద్యోగం ఎక్కడ వెతకాలి

ప్రభుత్వ వాతావరణ సంస్థ అనేది అందరికీ మొదట తట్టేది. స్థిరత్వం, శిక్షణ, పెద్ద డేటా అక్కడే ఉంటాయి. నియామకాలు మాత్రం నెమ్మది, ఖాళీలు తక్కువ. దానికోసమే ఎదురుచూస్తూ మూడేళ్లు ఖాళీగా కూర్చోవద్దు.

ప్రైవేటు రంగంలో నాకు బాగా నచ్చేది విద్యుత్. గాలిమర దగ్గర ఒక చిన్న లెక్క చూడండి. గాలిలో ఉండే శక్తి వేగం ఘనానికి అనుగుణంగా మారుతుంది. సెకనుకు 8 మీటర్ల గాలి వస్తుందని మీరు చెప్పారు, వచ్చింది 9. ఎనిమిది ఘనం 512, తొమ్మిది ఘనం 729. ఒక్క మీటరు తేడాకు శక్తిలో 42 శాతం తేడా! మర పూర్తి సామర్థ్యానికి చేరేలోపు వేగాల్లో ఈ పొరపాటు నేరుగా గ్రిడ్ మీద, అమ్మకం మీద పడుతుంది. అందుకే గాలి, సౌర విద్యుత్ కంపెనీలు, కరెంటు కొని అమ్మేవాళ్లు సొంతంగా ఫోర్‌కాస్టర్లను పెట్టుకుంటారు. డైరీలో శాతాలు వేయడం అలవాటైనవాళ్లకు ఈ పని నల్లేరు మీద నడకే.

ఓడలకు దారి చూపే కంపెనీలు అలల ఎత్తు, తుపానుల అంచనాతో ఇంధనం మిగిల్చే మార్గం చెబుతాయి. బీమా రంగం తుపానులు, వరదల నష్టాన్ని అంచనా వేసే మోడళ్ల కోసం వాతావరణం, గణాంకాలు రెండూ తెలిసినవాళ్లను తీసుకుంటుంది. కోర్టు కేసుల్లో "ఆ రోజు ఆ సమయానికి అక్కడ వాన పడిందా, గాలి ఎంత" అని తేల్చి చెప్పే నిపుణులూ ఉన్నారు. ఇది చిన్న రంగం, అనుభవం వచ్చాకే అందుతుంది. గాలి నాణ్యత, పరిశ్రమల పొగ ఎటు పోతుందో లెక్కగట్టే పనికి కెమిస్ట్రీ, చట్టం రెండూ కాస్త తెలియాలి.

టీవీ గురించి ఒక్క మాట. కెమెరా ముందు బాగా మాట్లాడటం ఒక విద్య, వాతావరణం తెలియడం ఇంకో విద్య. రెండూ ఉన్నవాళ్లకు విలువ ఎక్కువ. అమెరికన్ మీటియరాలాజికల్ సొసైటీ లాంటి వృత్తి సంఘాలు ప్రసార మీటియరాలజిస్టులకు వేరే ధ్రువపత్రం ఇస్తాయి. విద్యార్థి సభ్యత్వం తీసుకోవడానికి ఇలాంటి సంఘాలు మంచివే, సెమినార్లలో పరిచయాలే తర్వాత ఇంటర్న్‌షిప్‌లుగా మారతాయి.

ఆరో అడుగు: పరిశోధన వైపు వెళ్లాలా

పీహెచ్‌డీ నాలుగు నుంచి ఆరేళ్లు తీసుకుంటుంది. ఆ తర్వాత పోస్ట్‌డాక్‌లు, అంటే తాత్కాలిక పరిశోధన ఉద్యోగాలు, ఒకటో రెండో, తరచూ వేర్వేరు దేశాల్లో. శాశ్వత ఉద్యోగం వచ్చేసరికి ముప్పై దాటడం మామూలే. ఇంట్లో బాధ్యతలున్నవాళ్లు ఈ లెక్క ముందే వేసుకోవాలి. రోజువారీ ఫోర్‌కాస్టింగ్‌కు పీహెచ్‌డీ అక్కర్లేదు. కొత్త మోడల్ కట్టాలన్నా, యూనివర్సిటీలో చెప్పాలన్నా కావాలి.

ఏ అంశం ఎంచుకోవాలని అడిగితే నేను డేటా అసిమిలేషన్ పేరు చెబుతాను. అదేంటో చెప్పడానికి పాత కథ ఒకటుంది. లూయిస్ ఫ్రై రిచర్డ్‌సన్ అనే శాస్త్రవేత్త చేతిలెక్కలతో ఆరు గంటల వాతావరణ అంచనా వేసి 1922లో అచ్చువేశారు. పీడనం ఆరు గంటల్లో 145 హెక్టోపాస్కల్స్ మారుతుందని వచ్చింది. నిజానికి ఆ రోజు పీడనం దాదాపు కదల్లేదు. సమీకరణాల్లో తప్పు లేదు. ఆరంభంలో ఇచ్చిన గాలి, పీడనం అంకెలు ఒకదానితో ఒకటి పొసగక, చిన్న తేడాలే లెక్కలో రాక్షసంగా పెరిగాయి. ఉపగ్రహాలు, విమానాలు, ఓడలు, బెలూన్ల నుంచి వచ్చే కోట్ల కొలతలను పొసిగేలా కలిపి మోడల్‌కు సరైన ఆరంభం ఇవ్వడమే డేటా అసిమిలేషన్. గణితం కష్టం, మనుషులు తక్కువ, అవసరం ఎక్కువ.

గైడ్‌ను ఎంచుకునేటప్పుడు ఆయన పేపర్ల సంఖ్య చూడకండి. ఆయన దగ్గర చదివినవాళ్లు ఇప్పుడు ఎక్కడున్నారో కనుక్కోండి, వీలైతే వాళ్లలో ఒకరితో మాట్లాడండి.

ఏఐ వచ్చేసింది కదా, ఇక మనమెందుకు?

ఈ మధ్య నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే. భయం ఉత్తిదేం కాదు. 2023లో హువావే పాంగు వెదర్, గూగుల్ డీప్‌మైండ్ గ్రాఫ్‌కాస్ట్ పాత పద్ధతి మోడళ్లతో పోటీపడి చాలా కొలతల్లో మించిపోయాయి. 2025 ఫిబ్రవరిలో ఈసీఎండబ్ల్యూఎఫ్ తన ఏఐ మోడల్‌ను రోజువారీ వాడకంలోకి తెచ్చింది, పాత మోడల్‌ను ఆపకుండా దాని పక్కనే నడుపుతోంది.

కానీ అవి దేని మీద నేర్చుకున్నాయో చూడండి. పైన చెప్పిన ఈరా5 మీద. దాన్ని తయారుచేసింది భౌతిక మోడల్, డేటా అసిమిలేషన్, దశాబ్దాల కొలతలు. ఆ మూడింటి అవసరం తగ్గలేదు. తగ్గేది మోడల్ చెప్పింది చదివి అప్పజెప్పే పని. ఆ రాత్రి పొగమంచు విషయంలో నేను చేసింది సరిగ్గా అదే, కాబట్టి అలాంటి ఉద్యోగం పోతే పెద్దగా ఏడవాల్సిన పని లేదు. మోడల్ ఏ పరిస్థితుల్లో తప్పుతుందో పరీక్షించేవాళ్లు, దాని అంచనాను వరద అధికారికీ, పైలట్‌కూ, గ్రిడ్ ఇంజనీర్‌కూ నిర్ణయంగా మార్చి చెప్పేవాళ్లు ఇంకా ఎక్కువ కావాలి. మెషిన్ లెర్నింగ్ నేర్చుకోండి, భౌతికశాస్త్రం వదలకుండా నేర్చుకోండి.

చివరి అడుగు: చెప్పడం, ఇంటర్వ్యూ, మొదటి తప్పు

"రేపు వాన పడే అవకాశం 30 శాతం" అంటే వినేవాళ్లలో ఒకరు ఊర్లో 30 శాతం చోట అనుకుంటారు, ఇంకొకరు రోజులో 30 శాతం సేపు అనుకుంటారు, మూడోవాడు "అంటే పడదన్నమాట" అని బట్టలు ఆరేస్తాడు. మీ డైరీలోని ఒక రోజు అంచనాను శాస్త్రం తెలియని ఇంట్లోవాళ్లకు రెండు వాక్యాల్లో చెప్పి, వాళ్లు ఏం అర్థం చేసుకున్నారో తిరిగి చెప్పించుకోండి. నెలకు నాలుగుసార్లు చేస్తే చాలు, భాష దానంతటదే తేలికవుతుంది.

ఇంటర్వ్యూలో దాదాపు ఎప్పుడూ ఒక చార్టు ఇచ్చి "ఏం కనిపిస్తోంది?" అంటారు. తొందరపడి తీర్పు చెప్పకండి. ముందు సమయం, తేదీ, ఏ ఎత్తు చార్టో చూడండి. గ్రీన్విచ్ సమయాన్ని స్థానిక సమయమనుకుని బోల్తాపడినవాళ్లు బోలెడు మంది. తర్వాత అల్పపీడనం, అధికపీడనం ఎక్కడున్నాయో, గాలి తేమ ఎటు నుంచి వస్తోందో పెద్దదాని నుంచి చిన్నదానికి చెప్పుకుంటూ రండి. చివర్లో మీ అంచనాతో పాటు, ఏది జరిగితే ఆ అంచనా తప్పుతుందో కూడా చెప్పండి. ఆ ఆఖరి వాక్యం కోసమే బోర్డులో కనీసం ఒకరు ఎదురుచూస్తుంటారు.

మీరు అడగాల్సినవీ ఉంటాయి. షిఫ్టు ఎన్ని గంటలు, వరసగా ఎన్ని రాత్రులు, తప్పు పోయిన అంచనాల మీద మర్నాడు కూర్చుని మాట్లాడుకునే అలవాటు ఉందా? మూడో ప్రశ్నకు "మా దగ్గర తప్పులు జరగవు" అని జవాబొస్తే, వేరే ఆఫర్ ఉందేమో ఒకసారి చూసుకోండి.

చేరాక మొదటి పెద్ద తప్పు ఆరు నెలల్లోపే జరుగుతుంది. జరిగిన రోజే, నిద్రపోయేముందు, మీకు ఏ డేటా కనిపించింది, ఏది చూడలేదు, ఎన్ని గంటలకు మనసు మార్చుకోవాల్సింది అని రాసి పెట్టుకోండి. మర్నాటికి జ్ఞాపకం మనకు అనుకూలంగా మారిపోతుంది. నా 17/17 రాత్రి కాగితం ఇంకా నా డెస్కు సొరుగులోనే ఉంది. కొత్తగా వచ్చినవాళ్లకు మెటార్ నేర్పేటప్పుడు ముందు దాన్నే బయటికి తీస్తాను.